అడక్కుండా ఉండలేని రాఘవమ్మ

వాకాడు దాటి సముద్రం వైపు పోయే బండిబాటలో, ఉప్పుకాలవకు ఇవతల ఉన్న మాగాణి ఊళ్ళో రాఘవమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఆమె భర్త హజరత్తయ్యకు నాలుగెకరాల వరి మడి ఉంది, కొట్టంలో పాడి ఉంది. ఊళ్ళో ఆమెకు పేరొచ్చింది మాత్రం వాటివల్ల కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏదో ఒకటి అడక్కుండా వదలదు. గాజులమ్మే మనిషి వస్తే, కొత్తకోడళ్ళ చేతికి ఎక్కిన గాజులు ఎందుకు తొందరగా పగులుతాయని అడిగేది. బస్సు డ్రైవర్ని కోట ఊరి దగ్గర ఆపి, ఇన్ని గుంతల్లో తిప్పుతుంటే నీకు నడుం నొప్పి రాదా అని అడిగింది. అతను నవ్వి, ఇంతవరకూ నన్నెవరూ అడగలేదమ్మా అని, ఆ తర్వాత ఊరు వచ్చేదాకా తన నడుం సంగతి చెబుతూనే ఉన్నాడు.

ఆమెకు పిల్లల్లేరు. మూడుసార్లు నీళ్ళోసుకుంది, మూడుసార్లూ నిలవలేదు. మూడోసారి తర్వాత ఇక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఊరందరినీ అన్నీ అడిగే మనిషిని ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

పంచాయతీలో ఒక ఆడమనిషిని కూడా చేర్చుకోవాలని పైనుంచి చెప్పినప్పుడు, సర్పంచి గంగులయ్య రాఘవమ్మ పేరే రాయించాడు. మంచి ఇంటి మనిషి, ఒక మూల కూర్చుని పోతుందిలే అనుకున్నాడు. మొదటి మీటింగులోనే ఆమె, మంచినీళ్ళ బావి కాలవ అవతలి పట్టపుపాలెంలో తవ్విస్తామని పోయినేడు అనుకొని ఈ యేడు కూడా అదే అనుకుంటుండామే, మధ్యలో ఏం జరిగిందన్నా అని అడిగింది. గంగులయ్యకు ఆ రోజే అర్థమైంది తాను ఎవర్ని తెచ్చుకున్నాడో.

అరవై నాలుగో సంవత్సరం చివర, కోతలకు ముందు రోజులు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెట్టి సాయంత్రం పూట వార్తలు వినిపించేవారు. పైన కట్టిన గొట్టంలోంచి ఆ గొంతు వీధి మలుపు దాకా వినబడేది. ఆ రోజు వార్తల మధ్యలో, గర్భస్రావాన్ని చట్టం ఒప్పుకోవచ్చా కూడదా అని ఆలోచించడానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసిందని చెప్పారు. అరుగు మీద బీడీలు కాలుస్తున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగులయ్య లేచి రేడియో గొంతు తగ్గించాడు.

"ఎందుకు తగ్గిస్తివన్నా? ఎవర్ని అడిగి ఆలోచిస్తారో చెప్తాడేమో" అంది రాఘవమ్మ.

"ఆడోళ్ళుండే చోట ఇట్టాంటి మాటలెందుకమ్మా."

"ఆడోళ్ళ మాటే కదన్నా అది."

గంగులయ్య ధాన్యం ధరలు వచ్చేదాకా ఆగి మళ్ళీ గొంతు పెంచాడు.

రాఘవమ్మకు ఆ మాట తలలో పట్టుకుంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళు ఎవరి దగ్గరికి పోయి అడుగుతారు? డాక్టర్లనా, పూజార్లనా, పోలీసులనా? అసలు తన ఊళ్ళో ఎవరేమనుకుంటున్నారో తనకే తెలియదు. ఆ ఆలోచన వచ్చాక ఊరికే ఉండడం ఆమె వల్ల కాలేదు.

భర్తతోనే మొదలుపెట్టింది. హజరత్తయ్య అన్నం తింటున్నాడు. చీమల పుట్టను చూసి నాగలి పక్కకు తిప్పే మనిషి.

"ప్రాణం పోసేది దేవుడు. తియ్యడానికి మనమెవరం. అది పాపం" అన్నాడు.

"మరి మనకు నిలవనప్పుడు తీసిందెవరు?"

అతను నోటిదాకా ఎత్తిన ముద్ద దించాడు. "అది నేనూ అడుగుతానే ఉండా" అని, పళ్ళెంలోకి తల వంచుకున్నాడు. అంతకుమించి అతన్ని కదిలించబుద్ధి కాలేదామెకు.

ఈ మాటలు పంచలో కూర్చున్న అత్తగారు కామాక్షమ్మ చెవిన పడ్డాయి. ఆమె నోటినిండా దేవుడే. శనివారం వస్తే ఒక్కపొద్దు ఉంటుంది, కోడలు గడప తొక్కి నిలబడితే ఒప్పుకోదు. మరునాడు మధ్యాహ్నం కోడలు చేటలో బియ్యం చెరుగుతుంటే పక్కన వచ్చి చేరగిలబడింది.

"ఆ ఢిల్లీవాళ్ళు ఇప్పుడు ఆలోచిస్తుండారా? నన్ను అప్పుడే అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది.

రాఘవమ్మ చేట ఆపింది.

కామాక్షమ్మ కోడలి వైపు చూడకుండా చెప్పుకుపోయింది. గాలివాన వచ్చి ఉప్పునీళ్ళు మడుల్లోకి ఎక్కిన యేడు. గింజ పండలేదు. తన మామగారు మంచాన పడ్డాడు. హజరత్తయ్యకు నడక రాలేదు, వాడికి పైన ఇద్దరు జ్వరాలతో ఉన్నారు. అప్పుడు మళ్ళీ నెల తప్పింది. కోట అవతల నుంచి ఒక మనిషిని పిలిపించుకొని ఏదో కషాయం తాగింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు, బతికింది. ఆ జ్వరాల పిల్లలిద్దరూ తర్వాత ఎట్లాగూ పోయారు, హజరత్తయ్య ఒక్కడు మిగిలాడు. మొగుడికి కూడా చెప్పలేదు. కడుపునొప్పి అనుకున్నాడు.

"నీకు నిలవనప్పుడల్లా, నేను చేసింది నీకు తగిలిందని అనుకుంటా వచ్చినా. ఒక్కపొద్దులన్నీ అందుకే" అంది.

రాఘవమ్మకు ఏడుపు రావాల్సిన చోట మళ్ళీ ప్రశ్నే వచ్చింది. "నువ్వు చేసింది నీకు తగలాల గానీ నాకెట్టా తగులుతుంది అత్తా? నేనప్పటికి పుట్టనే లేదే."

ముసలామె ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. కోడలి మొహం వైపు చూసి, "అవును గదా" అంది. కొంచెం ఆగి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ తర్వాత ముసలామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. రాఘవమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. పాపమని అన్న కొడుకూ, ఆ పని చేసిన తల్లీ ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తింటున్నారని తలచుకుంటే ఆమెకు వింతగా ఉంది.

ఈ సంగతి ఇట్లా ఉండగానే పోలేరమ్మ వచ్చింది. పోలేరమ్మది కాలవకు అవతల, సరుగుడు తోపు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పట్టపుపాలెం. మొగుడు ముత్యాలయ్య తెప్ప మీద వేటకు పోతాడు. తెచ్చిన చేపలను ఆమె గంపకెత్తుకొని కాలవ దాటి మాగాణి ఊళ్ళల్లో అమ్ముతుంది. ముప్పయ్యేళ్ళు నిండినాయో లేదో, ఐదుగురు పిల్లలు. కొంతకాలంగా కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఆయాసపడుతోంది. ఆ రోజు గంప దించి, రాఘవమ్మ ఇంటి అరుగుకు ఆనుకొని, కాళ్ళు చాపుకుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"రేడియోలో ఏదో చెప్పినారంట గదక్కా. కడుపు తీసేదానికి గవర్నమెంటు ఒప్పుకునిందా?" అంది.

"ఒప్పుకోలేదు. ఒప్పుకోవచ్చా అని అడుగుతుండారు. నీకెందుకు?"

పోలేరమ్మ గంపలో కానాగంత చేపలను అటూ ఇటూ సర్దింది. "మూడో నెల" అంది చివరికి. "పోయిన కాన్పుకే ఊపిరి ఆడక చచ్చి బతికినా. ఈసారి ఆ ఒడ్డున తేలతానని నాకు నమ్మకం లేదక్కా."

రాఘవమ్మ లోపల రెండు ఆలోచనలు ఒకేసారి లేచాయి. తనకు ఒక్కటంటే ఒక్కటి నిలిస్తే చాలని మొక్కని దేవుడు లేడు, ఈమె నిలిచినదాన్ని వద్దంటోంది, అన్నది ఒకటి. ఈ కాళ్ళు ఇట్లా ఎందుకు ఉబ్బినాయి అన్నది రెండోది. ఆమె రెండోదాన్ని పట్టుకుంది.

మరునాడు పోలేరమ్మను వాకాడు ప్రసూతి కేంద్రానికి తీసుకుపోయింది. అక్కడి నర్సు కరుణాకుమారి గొట్టం పెట్టి గుండె విని, మళ్ళీ విని, మొహం మార్చుకుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించండి, ఆలస్యం చెయ్యొద్దు అంది. పోలేరమ్మ బయటికి పోయాక రాఘవమ్మ ఆగింది.

"మీ మతంలో కడుపు తీసేదానికి ఒప్పుకుంటారా సిస్టర్?"

"ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను" అంది కరుణాకుమారి. "ఎవరన్నా వచ్చి నన్ను చెయ్యమంటే చెయ్యను. కానీ ఆ గుండె చప్పుడు విన్నాక, ఆమెను కాన్పుకు రమ్మని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. ఈ రెండూ ఎట్లా కుదురుతాయని అడక్కండి. రాత్రంతా ప్రార్థన చేసుకున్నా నాకు కుదరదు."

రాఘవమ్మ అడగలేదు. కానీ ఇంకొకర్ని అడిగింది, తప్పు జరిగింది అక్కడే. నెల్లూరు పోయేముందు, ఇది చట్టానికి తప్పవుతుందేమో, వెంట పోయినందుకు తననూ పోలీసులు పట్టుకుంటారేమో తెలుసుకుందామని గంగులయ్య దగ్గరికి పోయింది. "ఎవరికమ్మా?" అన్నాడతను. "మన పోలేరమ్మకన్నా" అంది. అడగడం అలవాటైన నోరు, చెప్పేటప్పుడు కూడా అంతే తేలిగ్గా చెప్పేసింది. గంగులయ్య తనకు తెలీదన్నాడు. సాయంత్రానికి టీ అంగట్లో ఆ మాట ఉంది.

నెల్లూరుకు ముత్యాలయ్య కూడా వచ్చాడు. గూడూరులో బస్సు మారేటప్పుడు తప్ప అతను నోరు విప్పలేదు. ఆసుపత్రిలో లేడీ డాక్టరు చూసి, ఇంకో పెద్ద డాక్టరును పిలిచి చూపించింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. గుండె కవాటం చెడిపోయింది, కాన్పు దాకా పోతే తల్లి దక్కదు.

"చట్టం ఒప్పుకోదు గదమ్మా?" అంది రాఘవమ్మ.

"తల్లి ప్రాణం నిలబెట్టడానికైతే ఇప్పటి చట్టం కూడా అడ్డు చెప్పదు" అంది డాక్టరు. "ఇప్పుడు ఢిల్లీలో ఆలోచిస్తున్నది తక్కినవాళ్ళ సంగతి."

తక్కినవాళ్ళంటే ఎవరెవరని రాఘవమ్మ అడగబోతే డాక్టరు అప్పటికే ముత్యాలయ్య వైపు తిరిగింది. అతను చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఐదుగురు పిల్లోళ్ళు ఉండారమ్మా. వాళ్ళమ్మ కావాల వాళ్ళకి" అన్నాడు. పోలేరమ్మ నర్సు వెంట లోపలికి నడిచింది.

ఆమె తేరుకొని ఇంటికి వచ్చేటప్పటికి పాలెంలో పెద్దలు కూడుతున్నారని కబురు. పట్టపుపాలెంలో తగవులన్నీ కులపెద్దలే తీరుస్తారు. తప్పు తేలితే దురాయి వేస్తారు. ఒక ఇంటికి దురాయి పడితే ఆ ఇంటి తెప్పను నీళ్ళలోకి నెట్టడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు, ఆ ఇంటికి పొయ్యిలోకి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. తన నోటినుంచి పోయిన మాటే ఇంత దూరం వచ్చిందని తెలిసి రాఘవమ్మ భర్తకు చెప్పి కాలవ దాటింది. హజరత్తయ్య వద్దనలేదు. గట్టు దాకా వెంట వచ్చి పడవ ఎక్కించాడు.

వలలు ఆరేసిన ఇసకలో మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు గుడిసెల నీడన నిలబడ్డారు. పోలేరమ్మ తల వంచుకొని కూర్చుంది. రాఘవమ్మ ముందుకు పోయి, ఈ మాట బయటపెట్టింది నేను, ఆమెను తీసుకుపోయింది నేను, ఏమన్నా అనదలచుకుంటే నన్ను అనండి అని చెప్పింది.

పాలెం పెద్ద ఆదెయ్య ఆమెకు ఈతచాప వేయించాడు. "నిన్ను అనేదానికి మాకు హక్కు లేదమ్మా. కూర్చో, ఇను" అన్నాడు. ఎండకు కమిలిన ముసలి మొహం. గొంతు మాత్రం నెమ్మది.

ఒకడు లేచి, గంగమ్మ తల్లి చూస్తుండాది, పొట్టలో ప్రాణాన్ని చంపిన ఇంటి తెప్ప మన తెప్పల్తో పాటు నీళ్ళలోకి దిగితే అందరికీ కీడు అన్నాడు. ఇంకొకడు, ఆ తల్లి పోయుంటే ఆ పిల్లోళ్ళకు నువ్వు కూడు పెడతావా అన్నాడు. కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆదెయ్య వాళ్ళను మాట్లాడనిచ్చి, చివరికి చెయ్యెత్తాడు.

"ఒకటి అడుగుతా చెప్పండి. మనింట్లో ఎవరన్నా పోతే మైల పడతాం, వేటకు పోము. పసిబిడ్డ పోయినా అంతే. మూడో నెల్లో దానంతట అది జారిపోతే మన మగోళ్ళు వేట ఆపినారా ఎప్పుడన్నా?"

ఎవరూ ఆపలేదు.

"మైల పట్టలేదంటే, చావు జరగలేదని మనమే అనుకుంటుండాం. జరగని చావుకు దురాయి ఎట్టా వేసేది?"

ఆ మాటకు మగవాళ్ళల్లో చాలామంది తలలూపారు. ఇంత సూటి లెక్క రాఘవమ్మ రేడియోలో కూడా వినలేదు. అయిపోయిందనుకుంటుండగా గుడిసె నీడలోంచి ముత్యాలయ్య తల్లి నాగులమ్మ ముందుకొచ్చింది.

"మీరు పట్టరు. మేము పడతాం" అంది.

ఆదెయ్య ఆమె వైపు తిరిగాడు. "ఏం పడతారు?"

"జారిపోయినదాన్ని ఇంటి ఎనక పూడ్చి నీళ్ళు పోస్తాం. అమాస పొయ్యేదాకా ఆ ఆడది తల దువ్వదు. మా అమ్మ చేసింది, నేనూ చేసినా. మగోళ్ళకు చెప్పేది కాదని చెప్పలేదు. జరగలేదని అనబాక ఆదెయ్యా. జరిగింది. ఏం జరిగిందనేదానికి నాకు పేరు తెలవదు, అంతే."

రాఘవమ్మకు కడుపు పోయినప్పుడల్లా కామాక్షమ్మ ఆమె చేతిలోంచి దువ్వెన లాక్కునేది. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు. కాలవకు అటూ ఇటూ ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే పని చేస్తున్నారు.

ఆదెయ్య ఇసకను వేళ్ళతో కెలికాడు. తర్వాత పోలేరమ్మను అడిగాడు. "నువ్వు దువ్వెన పట్టినావా తల్లీ?"

పోలేరమ్మ తలెత్తింది. జుట్టు చిక్కులు పడి ముడిలోంచి రేగి ఉంది. "పట్టలేదు" అంది.

"అయితే అది పట్టాల్సిన మైల అది పడతా ఉండాది. మనం చెప్పేదేం లేదు" అని ఆదెయ్య లేచి నిలబడ్డాడు. మొదట కీడు అన్న మనిషి ఒప్పుకోలేదు. తన తెప్ప ఆ తెప్ప పక్కన దించనని చెప్పి వెళ్ళిపోయాడు. దురాయి మాత్రం పడలేదు.

రాఘవమ్మ పోలేరమ్మ దగ్గరికి పోయి పక్కన కూర్చోబోయింది. పోలేరమ్మ దూరం జరిగింది.

"ఊరందరినీ అడిగినావు గదక్కా" అంది మెల్లగా. "నా సంగతి అడగొచ్చునా అని నన్ను మాత్రం అడగలేదు."

రాఘవమ్మ కూర్చోకుండా వెనక్కి తిరిగింది. కాలవ దాటి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత చాలా నెలలు పోలేరమ్మ ఆ వీధిలోకి రాలేదు. పై వీధిలో అమ్ముకొని అటునుంచి అటే పోయేది. చేపలేవని కామాక్షమ్మ సణిగితే రాఘవమ్మ పప్పు వండేది. ఆ నెలల్లో ఆమె ఎవరినీ పెద్దగా ఏమీ అడగలేదు. గంగులయ్య అది గమనించి, ఒంట్లో బాగాలేదా అని కూడా పలకరించాడు.

మరుసటి యేడు నెల్లూరులో మహిళామండలుల సభ పెట్టారు. గర్భస్రావం మీద పల్లెల్లో ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో వినడానికి మద్రాసు నుంచి ఒకామె వస్తుందని, పంచాయతీ సభ్యురాలు గనక రాఘవమ్మను రమ్మని కబురొచ్చింది. ఆమె పెట్టె సర్దుకోకముందే పాలెం పోయింది. పోలేరమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతోంది. మనిషి కొంచెం తేరుకుంది, ఆయాసం మాత్రం ఉంది.

"నీ సంగతి అక్కడ చెప్పొచ్చునా?" అంది రాఘవమ్మ.

పోలేరమ్మ పని ఆపలేదు. వరస చివరిదాకా పేర్చి, అప్పుడు నడుం ఎత్తింది. "పేరు చెప్పబాక. సంగతి చెప్పు. కానీ గుండె జబ్బని చెప్పి అంతటితో ఆపబాకక్కా. గుండె బాగుండినా నేను అడిగి ఉండేదాన్నేమో. ఐదుగుర్ని కనిన ఒళ్ళిది. అది కూడా చెప్పు."

రాఘవమ్మ బస్సులో దారిపొడుగునా ఆ మాటతో పెనుగులాడింది. గుండె జబ్బు ఉన్నంతసేపూ ఆమెకు దారి తెలిసినట్టే ఉండింది. ప్రాణానికి ప్రాణం, అంతే. ఆ జబ్బు తీసి పక్కన పెడితే తనేమనుకుంటుందో తనకే తెలియడం లేదు. నిలిచిన కడుపును వద్దనుకోవడమనే మాట వినగానే ఒంట్లో ఎక్కడో కలుక్కుమంటుంది. పోలేరమ్మ ఉబ్బిన పాదాలు, కామాక్షమ్మ ఒక్కపొద్దులు గుర్తొస్తే ఆ నొప్పి ఇంకో వైపుకు తిరుగుతుంది.

సభలో చాలామంది పాపమన్నారు. ఇద్దరు ముగ్గురు, చాటున జరిగి చచ్చిపోతుండారు, వెలుతుర్లో జరిగితే బతుకుతారు అన్నారు. రాఘవమ్మ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పకుండా అంతా చెప్పింది, చివరి మాటతో సహా. ఆ చివరి మాటకు సభలో కలవరం పుట్టింది. మద్రాసు నుంచి వచ్చినామె, మరి మీ అభిప్రాయమేమిటమ్మా అని అడిగింది.

"నాకు ఒక్కటీ నిలవలేదమ్మా. అందుకని నా మనసు ఒక పక్కకు లాగుతుంది. ఆమెను చూసినా గనక ఇంకో పక్కకు లాగుతుంది" అంది రాఘవమ్మ. "ఒకరి కడుపు సంగతి ఇంకొకరు తేల్చగూడదని మాత్రం అనిపిస్తుంది. కానీ చట్టమంటే ఒకరి సంగతి ఇంకొకరు తేల్చడమే గదా. ఈ ముడి మీరు ఎట్టా విప్పుతారో చూడాలని ఉంది."

మద్రాసు ఆమె నవ్వి, మాకూ చూడాలనే ఉందమ్మా అంది. తర్వాత ఇంకెవర్నో పిలిచారు.

అరవై ఏడులో కామాక్షమ్మ పోయింది. చివరి రెండేళ్ళు ఒక్కపొద్దులు మానేసి, శనివారం కూడా రెండుపూటలా తిన్నది. హజరత్తయ్యకు తల్లి ఎందుకు మానేసిందో తెలియలేదు. రాఘవమ్మ చెప్పలేదు. కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవచ్చు గానీ పంచుకోవడానికి తనవి కావని ఆమె అప్పటికి నేర్చుకుంది.

ఆ దినాలు గడిచాక ఒక పొద్దుటి పూట పోలేరమ్మ గంపతో వచ్చి వాకిట్లో దించింది. ముసలామె పోయిందని తెలిసి వచ్చానంది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కాసేపు పిల్లల గురించి, వేట గురించి మాట్లాడుకున్నారు. మాటలు అయిపోయాయి. పోలేరమ్మ లేవలేదు.

"అక్కా, నీకు నిలవనప్పుడు ఎట్టా ఉండేది?" అంది.

రాఘవమ్మ ఆమె వైపు చూసింది. ఇరవయ్యేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు, భర్త కూడా. మొదటిసారి కడుపు పోయినప్పుడు వాన పడుతుండిందని చెప్పింది. తర్వాత నెమ్మదిగా తక్కినదంతా. పోలేరమ్మ తడి గోనె ఒకటి తీసి చేపల మీద కప్పి, మోకాళ్ళు ముడుచుకొని వింటూ కూర్చుంది.